కాడను కరిచి నిద్రపోయేవాడు

మార్చి చివర. రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి
టార్నీట్‌లో ఇంకా వీధిదీపాలు ఆరలేదు.
తాళంచెవి జారిపడితే వంగానా,
గుమ్మం పక్క ఫ్లాక్స్ లిల్లీ కాడ మీద
ఏడుగురు వరసగా నిద్రపోతున్నారు.

దవడలతో కాడను కరిచి పట్టుకుని
కాళ్ళు ముడుచుకుని, గాల్లో వేలాడుతూ.
పొట్ట మీద నీలి చారలు
కొత్త లుంగీ అంచులా.
అన్నీ మగ తేనెటీగలేనట.
ఆడవి నేలలో బొరియ తవ్వుకుని పడుకుంటాయట.
ఈ 'అట'లన్నీ కార్మెన్ అట్టార్డ్‌వి.

ఇల్లు కొన్నప్పుడు బిల్డరు
పచ్చికను చాపచుట్టల్లా లారీలో తెచ్చి
దొర్లించి పరిచి వెళ్ళాడు.
రెండేళ్ళు దానికి నీళ్ళు పోశాను, ఎరువు పోశాను,
శనివారాలన్నీ పోశాను.
మూడో జనవరికి పీచుపీచై పోయి
కింద నేల నోరు తెరిచింది.
పగులులో చెయ్యి పెడితే మణికట్టు దాకా పోయింది.
నల్లరేగడి!
నాకు తెలిసిన మన్నే ఇది.
ఇంత ఉక్కలో దీనికెవరు కప్పారీ రగ్గు?

కార్మెన్‌ది వెనక వీధి. డెబ్బై దాటింది.
రైలు కట్ట పక్కన, కంచెకీ పట్టాలకీ నడుమ
నాగలీ బుల్డోజరూ మరిచిపోయిన
నాలుగు బారల నేల ఉంది.
వేసవిలో రైల్వేవాళ్ళ చీటీ పట్టుకుని వెళ్ళి
అక్కడి గడ్డి కంకులు దూసుకొస్తుంది,
సజ్జ దూసినట్టే, బొటనవేలితో.

మే నెల తొలి వాన పడ్డాక
వేలెడంత గొట్టాల్లో నలభై మొక్కలిచ్చింది.
కంగారూ గడ్డి. వాలబీ గడ్డి. నీలిపూల లిల్లీ.
ఎరువు వెయ్యకు, అంది.
మరేం చెయ్యను?
చూడు, అంది.

పలుగు వేసిన చోటల్లా రాయి.
ఖంగుమనడం, తియ్యడం. ఖంగుమనడం, తియ్యడం.
హైమ కాఫీ తెచ్చి గోడకి చేరగిలబడి
"మొక్కలు నాటుతున్నావా, బావి తవ్వుతున్నావా?"
తీసిన రాళ్ళు మూలన కుప్ప పోశాం.
అడ్వాన్సూ అద్దే లేకుండా అందులో దిగింది
నీలినాలుక బల్లి, మూరెడు పొడుగు.
గోంగూర మడిలో నత్తలన్నీ ఇప్పుడు దాని వాటా.

హైమ టమాటా పూత ఏటా రాలిపోయేది.
మామూలు తేనెటీగ వచ్చి, చుట్టూ తిరిగి
తలుపెటుందో తెలియని చుట్టంలా వెళ్ళిపోయేది.
కిందటి డిసెంబరులో ఈ నీలిచారల ఆడది వచ్చింది,
లిల్లీ మీంచి టమాటా మీదికి.
పువ్వును వాటేసుకుని తలతో బాదింది,
జుయ్‌మని, కుట్టుమిషను తొక్కినట్టు.
పసుపు పుప్పొడి దాని ముఖమంతా.
సంక్రాంతి దాకా కూడా ఆగలేదు కాయలు.
హైమ మొదటి బుట్ట కార్మెన్‌కి పంపింది.
నన్ను మాత్రం అప్పట్నుంచి 'బావులాయన' అంటోంది.

ఎదురు ఖాళీ స్థలంలో నిన్న
సర్వేవాళ్ళు గులాబిరంగు మేకులు దిగ్గొట్టారు.
రేపో మాపో లారీ వస్తుంది, చాపచుట్టలతో.
వాళ్ళింటి తలుపు తట్టి ఏమని చెప్పాలో
ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతూ రాత్రంతా అనుకున్నాను.
ఇంగ్లీషులో బాగానే కుదిరింది. ఇప్పుడు గుర్తులేదు.

మెట్టు మీద కూచున్నాను, బూట్లు విప్పకుండా.
ఎండ వచ్చి కాడను తాకింది.
ఒకడు ఒళ్ళు విదిల్చాడు, దవడ వదిలాడు, ఎగిరాడు.
నేను డ్యూటీ దిగానా, వాళ్ళెక్కుతున్నారు.
ఇద్దరు. నలుగురు. ఆరుగురు.

ఏడోవాడు
పొద్దు బారెడెక్కినా పట్టు వదల్లేదు.
చలి ముదిరే కాలం, ఇంతేనేమో వీడికి.
వేలు చాపాను.

చూడు, అంది కదా.
వేలు వెనక్కి తీసుకున్నాను.