పంటు వచ్చేలోగా

పంటు ఇంకా అవతలే ఉంది.
నర్సాపురం ఒడ్డున బైకులెక్కిస్తున్నారు.
కూర్చో ఎస్తేరూ,
ఆ గొట్టాన్ని ఒళ్లో పెట్టుకో,
ఈ గాలిలో ఉప్పుందని నీకు నేను చెప్పాలా.

పన్నెండు ప్రింట్లు కదూ.
హైదరాబాదులో తెల్లగోడకి వేలాడదీస్తారు,
చుట్టూ అందరూ మెల్లిగా మాట్లాడతారట.
నేను చూళ్లేదు.
ఒక్కసారి గుమ్మందాకా వెళ్లాను,
చెప్పులు విడవాలో అక్కర్లేదో తెలీక
వెనక్కొచ్చేశాను.
నువ్వు విడవకు. లోపలికి వెళ్లిపో.

మనకో జబ్బుంది,
దేనికైనా ఆయ్ అనేస్తాం.
రేటు తగ్గించమంటే ఆయ్,
డబ్బులు రేపంటే ఆయ్.
అక్కడ కాగితమ్మీద సంతకం అడుగుతారు.
ఆయ్ అనకు.
చదువుకుని చెప్తానండి, అను.
అమ్మితే సగం వాళ్లది, అది మామూలే, ఏడవకు.
ఫ్రేము ఖర్చెవరిది,
అమ్ముడవనివి తిరిగి పంపేదెవరు,
సొమ్ము ఎన్నాళ్లకి చేతికొస్తుంది,
అడుగు.
కౌంటు తేల్చకుండా
రొయ్యని లారీ ఎక్కిస్తారా ఎవరైనా?

మీ అమ్మ లేసు అల్లేది.
కండెకింత అని కట్టించుకునేవారు.
ఆ బల్లగుడ్డ ఏ దేశంలో ఎంత పలికిందో
ఆవిడకి ఎప్పుడూ తెలీలేదు.
నీకు తెలియాలి.

ఐదే తీస్తానన్నావా, ఐదే తియ్యి.
ఆరోది మేనమామ అడిగినా లేదను.
వెనకాల పెన్సిలుతో అంకె వెయ్యి, తారీకు వెయ్యి,
ఇంటిపేరుతో సహా రాయి.
పెన్ను వద్దు, సిరా ఇవతలికి ఊరుతుంది.

ఆ చేతుల బొమ్మకి
శీర్షిక వద్దంటారేమో, బాగుంటుందని.
అవి కేశవదాసుపాలెం కరుణమ్మ చేతులు.
ఆవిడకి పేరుంది, మోకాళ్ల నొప్పుంది.
తనకో ప్రింటు ఇచ్చావా? ఏవంది?
"ముందే చెప్తే గోళ్లు తీసుకునేదాన్ని కదే" అందా?
అదీ.
అంతకన్నా పెద్ద విమర్శ
పేపర్లోళ్లు కూడా రాయలేరు.

కొబ్బరిచెట్లూ పడవలూ లేవా అని అడుగుతారు.
ఉన్నాయి, నేనే అమ్మాను
నలభయ్యేళ్లు, క్యాలెండర్లకి.
నువ్వు చెరువులో తిరిగే ఏరేటరు చక్రాన్ని తీశావు,
ఉప్పెక్కిపోయిన చేలో
ఊరికే నిలబడ్డ మనిషిని తీశావు.
నాకు మొదట నచ్చలేదు.
రెండ్రోజులు నిద్ర పట్టలేదు కూడా.

పెళ్లిళ్లు మానెయ్యకు.
ఆ చెక్కు వచ్చేదాకా
నీ కరెంటు బిల్లు కట్టేది పెళ్లికూతుళ్లే.
లెన్సుని బియ్యం డబ్బాలో దాచకు, తవుడు పడుతుంది.
చెప్పుల షాపు రాజబాబు
సిలికా పొట్లాలు నీకోసం పోగేస్తున్నాడు, తీసుకో.
ఈసారికి కాదంటే కాదంటారు.
పాటు తీసిందని రేవు మూసేస్తామా?

ఇంకోటుంది. చెప్పకూడదనుకున్నాను.

ఎనభయ్యారు వరద.
లంకలో, ఇంటి చూరు మీద
కుట్టుమిషను పట్టుకుని కూర్చున్న మనిషి.
ఒకే ఒక్క ఫ్రేము మిగిలింది రీలులో, కొట్టాను.
ఎవరో ఆఫీసరు గారు అడిగారు,
నెగెటివుతో సహా. నలభై రూపాయలు.
ఆయ్ అన్నాను.
మొన్న పెన్షను పని మీద వెళ్తే
గోడకుంది. మూల బూజు పట్టింది.
కింద "వరద దృశ్యం" అని రాసుంది.
అది నేను తీసిందేనండీ, అన్నాను గుమస్తాతో.
ఆయ్, అన్నాడతను
తలెత్తకుండా.

అదుగో, కదిలింది పంటు.
గొట్టం ఇలా ఇవ్వు, నే పట్టుకుంటాను.
వద్దులే, నువ్వే పట్టుకో.
నాకూ ఓ టిక్కెట్టు తీసుకో, అవతలిదాకా వస్తాను.
రైలు దిగ్గానే ఫోన్ చెయ్యి,
అర్ధరాత్రయినా సరే.

ఏంటీ, ఆయ్ అన్నావా?
సరే, ఈ ఒక్కదానికీ.