రెండు తట్లు

గుణుపురం ఆసుపత్రి వెనక గదిలో
ఇరవై రెండేళ్లుగా నెత్తురు చదువుతున్నాను.
నెత్తురుకి ఒడియా రాదు, తెలుగు రాదు,
సవర మాటా రాదు.

కొడుకు స్లైడు ఆరుతుంటే
ఒక్కసారి ఇమ్మని కళ్లకద్దుకుంది సొంబారి.
వేలిముద్రలు పడతాయని కసిరి
అడుగువైపు తుడిచాను.

నూనె చుక్క వేసి
వెయ్యి రెట్లు పెంచి చూస్తే
ఎర్రకణం లోపల ఉంగరం,
చిన్న రాయి పొదిగినట్టు.
చంపేదానికి ఇంత నగిషీ ఎందుకో
నేను చదివిన పుస్తకంలో లేదు.

మాత్రలు మానొద్దన్నాను.
మాత్రలూ వేస్తాను, కోడినీ కోస్తానంది.
మరి దేనికి తగ్గిందో ఎలా తెలుస్తుంది?
"తగ్గాక ఎవడడుగుతాడు బాబూ!"
నవ్వి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.
"చూసే ముందు ఆ గొట్టాన్ని
రెండుసార్లు తట్టావు. ఎందుకు?"

లెన్సు సర్దుకోవడానికి అన్నాను.

వంశధార మీంచి చెమ్మగాలి.
రిజిస్టరులో పేరు, ఊరు, ఫలితం రాశాను.
తట్టే గడి అందులో ఉండదు.

తట్టకుండా చూసిన చివరి స్లైడు
మా పాపది.
అందులో ఏ ఉంగరమూ
నాకు కనబడలేదు.