అసమగ్రం

తార్నాకలో మా గది కిటికీకి అద్దం లేదు, అట్ట ఉంది.
ఏసీ ఆకుల కోసం. నేను పక్కన కూర్చుంటాను గనక
నాకూ కొంచెం తగులుతుంది.
నిమ్మగడ్డి నూనె వేలికి అద్దుకుని
రోజుకు నలభై తాటాకులు తుడుస్తాను.
మసి పూస్తాను. అక్షరం కళ్ళు తెరిచాక
కెమెరా కింద పడుకోబెడతాను.

మొన్న బుధవారం ఒక కట్ట విప్పాను.
కవి పేరు లేదు, ఊరి పేరు లేదు,
పన్ను ధాన్యం కొలిచే ఒక సుంకరి ఉన్నాడు.
ఇచ్చేటప్పుడు చిన్న కుంచం,
పుచ్చుకునేటప్పుడు పెద్దది.
రైతుల మొర విని దేవుడు మూడు రాత్రులు నిద్రపోలేదట.
నాలుగో రాత్రి, చక్రం గిక్రం ఏమీ లేకుండా,
ఒక్క దబ్బనం పట్టుకుని దిగాడట.

    కొలత తప్పు వాని కుంచంపు టడుగున
    బిలము చేసి పోయె వేల్పు రాత్రి
    తెల్లవారి చూడ

అంతే. అక్కణ్ణుంచి చెదలు.
తీర్పు మొత్తం పురుగు కడుపులోకి పోయింది.

పైకే చదివానేమో,
అంజిలమ్మ తుడుపుకర్ర ఆపి విన్నది.
"మంచిగ జేసిండు దేవుడు."
బకెట్లో గుడ్డ పిండింది. రెండు బండలు తుడిచింది.
"గని బిడ్డా, కొత్త కుంచం తెచ్చుకోడా వాడు?
తెల్లారి కొలిచేకాడ ఎవలు నిలవడ్డరు?"

నేను ఎమ్మే తెలుగు. ఛందస్సులో డెబ్బై రెండు మార్కులు.
యతి ఎక్కడ పడిందో చెప్పగలను.
కుంచం దగ్గర ఎవరు నిలబడ్డారో చెప్పలేకపోయాను.

ఆ కవి మీద నాకు కోపం లేదు.
రాజు తిండి తింటూ రాజును తిట్టాలంటే
రాజుకు పైన ఒకే ఒక్క పేరు దొరికింది పాపం,
ఆ పేరు చాటున నిలబడి తిట్టాడు.

అంజిలమ్మది అడ్డగుట్ట.
పదకొండుమంది ఆడవాళ్ళు, ఒక కాంట్రాక్టరు,
నాలుగేళ్ళుగా ప్రతి నెలా పీఎఫ్ కటింగు.
బాలమణి గర్భసంచి ఆపరేషన్‌కు డబ్బు కావాలని వెళితే
ఖాతాలో సున్నా కూడా లేదు,
అసలు ఖాతానే లేదు.
"అమ్మా, మీరు మా లెక్కల్లో లేరు" అన్నాడట కౌంటరు పిల్లవాడు,
మర్యాదగానే.

ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉంది.
చదివింది మూడో తరగతి. అంకెలు మాత్రం చీమల బారు.
తారీకు, చేతికొచ్చింది, కోసుకున్నది.
పెన్సిలు రాత. జిరాక్సులో తెల్లకాగితమే వస్తోందట.
"ఆకులను తీసినట్టు తియ్యరాదు?"

సూపర్‌వైజరు భోజనానికి వెళ్ళాడు.
ఒక్కొక్క పుట పరిచాను. పక్కనుంచి లైటు వాల్చాను.
రెండు వేల ఇరవై ఒకటి జూన్ పైకి తేలింది.

గళ్ళు నింపందే మా మిషను దాచుకోదు.
గ్రంథనామం: పగారు బుక్కు.
కర్త: అంజిలమ్మ, మరి పదిమంది.
పొద్దున తాటాకుకు ఇదే గడిలో 'తెలియదు' అని కొట్టిన వేళ్ళు
ఇక్కడ కాసేపు ఆగాయి.
పుటలు: నలభై ఎనిమిది.
సమగ్రమా, అసమగ్రమా?
రెండింటికీ ఒకటే నొక్కాను.

శుక్రవారం సున్నా టికెట్టు బస్సులో
పదకొండుమందీ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వెళ్ళారు.
కార్మికశాఖ మెట్ల మీద నాలుగింటిదాకా కూర్చున్నారు.
సారు సెలవు. పన్నెండో తారీకు రమ్మన్నారు.

సోమవారం నోటుబుక్కు మళ్ళీ నా బల్ల మీదికి వచ్చింది,
కొంచెం లావెక్కి.
వెనక అట్టకు ముందు పదహారు కొత్త కాగితాలు,
గోనెసంచి దారంతో, పెద్ద పెద్ద కుట్లు.
మొదటి కాగితం మీద: సారు రాలే.
"దేనితో కుట్టావమ్మా?"
"దేనితోని కుడతరు? దబ్బనంతోని."
తుడుపుకర్ర తీసుకుని పక్క గదిలోకి పోయింది.