ప్రమాద నివేదికలో మూడో గడి

'కారణం' అన్నచోట ఒక్క గీతే ఇచ్చారు.
నా చేతిరాతకు అందులో సగం మాట కూడా పట్టదు.

కిటికీ అవతల కార్బనియర్ రేవు.
పొగమంచులో పడవలు కనబడవు, వాటి దగ్గులు వినబడతాయి.
ఇవతల, ఫిజియోథెరపీ గదిలో, మేం ముగ్గురం,
టీవీ తెర మీద ఉత్తుత్తి బౌలింగ్,
ఎవరో ఒకరు కొట్టకపోతారా అని నిలబడ్డ పది పిన్నులు.

ఆంబ్రోస్ కియో. వయసు డెబ్బై ఒకటి.
నలభై ఏళ్లు పీతల బోనులు లాగిన ఎడమచెయ్యి
సెప్టెంబరులో పక్షవాతం కొట్టినప్పటి నుంచి
పిడికిలిగా బిగుసుకుపోయింది.
పట్టుకోవడం కష్టమనుకుంటారు జనం.
కాదు. పట్టు దానంతటదే వచ్చి కూర్చుంటుంది.
వదలడమే రాదు.
రోజూ పొద్దున్నే ఒక్కో వేలూ నేనే విప్పుతాను,
ఉప్పునీళ్లకు తడిసి బిగిసిన ముడిలా.
నా చెయ్యి తీయగానే మళ్లీ మూసుకుంటుంది.

ఆ పిడికిట్లో కంట్రోలర్ దూర్చాను.
"వెనక్కి ఊపండి, ముందుకు విసరండి, కానీ వదలకండి."
ఈ ఆటలో ఉన్న అబద్ధమంతా అక్కడే ఉంది:
ఒళ్లంతా విసరాలి,
చెయ్యి మాత్రం విసరనట్టు ఉండాలి.

మణికట్టుకు తాడు ఉంది. ఉండేది.
వాపు మీద ఒరుసుకుపోతోందని
మంగళవారం నేనే తీసి సొరుగులో పడేశాను.
ఆ పిడికిలి ఎలాగూ వదలదు కదా అనుకున్నాను.
(ఈ వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.)
'తాడు కట్టుకున్నారా?' అని తెర అడుగుతూనే ఉంది,
రోజుకు ఆరుసార్లు.
చదవకుండా 'సరే' నొక్కిన బొటనవేలు నాదే.

తొమ్మిదో ఫ్రేము. ఊపాడు.
తెర మీద బంతి వెళ్లింది.
దాంతోపాటు కంట్రోలరూ వెళ్లింది.

తన వంతు కోసం చక్రాల కుర్చీలో, ఒళ్లో అల్లికతో
ఫిలొమినా టోబిన్.
కుడి కనుబొమ పైన తగిలింది. మూడు కుట్లు.
పచ్చ ఊలు మీద ఎర్రటి చుక్కలు.
పది పిన్నులూ పడ్డాయి.
టీవీ చప్పట్లు కొడుతూనే ఉంది,
ఆపుదామంటే కంట్రోలర్ బీరువా కిందికి దొర్లిపోయింది.

తర్వాత అందరూ తప్పును తలా కాస్త పంచుకున్నారు, పంచిపెట్టారు.
పరికరం లోపమని రాయమంది మా మేనేజరు.
ఆడేవాళ్లదే పూచీ అంది పెట్టెలోని కరపత్రం.
ఆసుపత్రిదే అన్నాడు ఫిలొమినా కొడుకు, ఫోన్లో, రెండుసార్లు.
"నాదే," అన్నాడు ఆంబ్రోస్.
"పడవ మీద తాడు ఊడితే చివరిసారి దాన్ని చూసినవాడిదే తప్పు.
తాడు లేదని నేను చూశాను."
ఫిలొమినా గుడ్డ అదుముకుని విసుక్కుంది:
"నాదే కాదూ? అంత దగ్గరికి జరిగిందెందుకూ,
ఈయన ఓడిపోతుంటే కళ్లారా చూద్దామనేగా."

ఎవరూ అడగనిది ఒకటుంది.
అది ఏ గడిలోనూ లేదు.

కంట్రోలర్ ఎగిరిన వెంటనే
నేను ఫిలొమినా దగ్గరికి పరిగెత్తలేదు.
ఆంబ్రోస్ చెయ్యి గాల్లో అలాగే ఉంది,
తెరుచుకుని.
ఐదు వేళ్లూ, ఎవరూ విప్పకుండా.
నాలుగు నెలలుగా నేను చూడని అరచెయ్యి
పూర్తిగా, పాలిపోయి, తడిగా.
ఆయనా దాన్నే చూస్తున్నాడు,
తనది కాని దేన్నో ఎవరో చేతిలో పెట్టి వెళ్లినట్టు.
ఒక క్షణం. కాదు, రెండు.
ఆ రెండు క్షణాలూ నాకు సంతోషంగా ఉంది.
పక్కన ఒక మనిషి రక్తం కారుతోంది.

కలం మార్చి, గీత దాటకుండా, చిన్న అక్షరాల్లో:
తాడు తీసింది నేను. డోర్కస్ పెన్నీ.

కింద 'ఇతర వివరాలు' ఖాళీగా ఉంది.
ఎడమచెయ్యి తనంతట తాను తెరుచుకుంది,
పది గంటల నలభై నిమిషాలకు, అని రాశాను.
ఇది ఎవరి తప్పో రాయలేదు.

ఈ రాత్రి తాడు కింద మెత్తటి గొర్రెబొచ్చు పట్టీ కుడతాను.
పది నిమిషాల పని.
మంగళవారమే తట్టాల్సింది.