గండి

న్యూకాసిల్‌లో నవంబరు నాలుగింటికే చీకటి.
కిటికీ లేని గదిలో అది కూడా తెలియదు.
రెండు వందల పదిహేడో ఎలుక
మూతి కడుక్కుంటోంది.
నెత్తిమీద పళ్ళ డాక్టర్లు వాడే సిమెంటుతో టోపీ,
అందులోంచి వెంట్రుకకన్నా సన్నని తీగలు.
ఈ ఊళ్ళో ఎవరినైనా ‘పెట్’ అనే పిలుస్తారు,
బస్సు డ్రైవరు నన్ను,
హేజల్ ఎలుకని.

నా పని తెరమీద గీతలు చూడటం.
పదహారు గీతలు,
నిద్రపట్టని పిల్లల్లా కాస్త కాస్త కదులుతుంటాయి.

మొదట మూడోది లేస్తుంది.
పక్కనున్న నాలుగోది ఒప్పుకోదు.
ఒక కణం కేకేస్తే పక్కవి వెంటనే కేకెయ్యవు,
వద్దు వద్దంటూ అడ్డం నిలబడతాయి,
కాలవ గట్టుమీద రాత్రంతా
ఇసుక బస్తాలు మోసే మనుషుల్లా.
ఎంతసేపు ఆపగలవు?
ఆ ఒక్క ప్రశ్నకే ఇంత సిమెంటు, ఇన్ని తీగలు,
సంతకాలు పెట్టిన ఇన్ని అనుమతి కాగితాలు.

నాలుగోది అలిసిపోతుంది.
గండి.
ఐదు, తొమ్మిది, అవతలి ఒడ్డున పన్నెండు.
అంతదాకా చీమ నడక నడిచిన వరద
ఒక్కసారిగా ఊరంతా.
ముందుకాళ్ళు గాలిని దంచుతాయి.
హేజల్ స్టాప్‌వాచీ నొక్కుతుంది:
నలభై ఒక్క సెకన్లు.

నాకు తొమ్మిదో తరగతిలో,
పొద్దున ప్రార్థనలో వచ్చింది.
నేను చూడలేదు. బడంతా చూసింది.
కళ్ళు తెరిచేసరికి నోట్లో నెత్తురు,
గుప్పిట్లో డ్రిల్లు మాస్టారి బీరువా తాళాలు.
ఇనుము పట్టిస్తే తగ్గుతుందన్నారట ఎవరో.
నా ఒంట్లో జరిగినదానికి
నేను తప్ప అందరూ సాక్షులే.

ఇప్పుడు చూస్తున్నాను.

గీతలన్నీ చదునైపోయాయి.
ఎలుక లేచి, ఎవరో మార్చేసి వెళ్ళినట్టు
తన కాళ్ళనే వాసన చూసుకుంది.
అది నాకు తెలుసు.
రిజిస్టరులో ‘ప్రవర్తన’ అన్న గడిలో
అది పట్టదు.
‘సాధారణం’ అని రాశాను.
దానికి శుక్రవారం వరకే గడువు.

తొమ్మిదింటికి నా మాత్ర.
నా నాలుకమీదికి రాకముందు
ఎన్ని చిన్న నోళ్ళు దాటొచ్చిందో
సీసామీద రాయరు.
మింగాను. నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయి.

ఇంటికెళ్ళే దారిలో టౌన్ మూర్ ఖాళీ.
చలికాలమని ఆవుల్ని తోలుకుపోయారు,
వాటి గిట్టల గుంటల్లో వాననీళ్ళు.
అరచెయ్యి నొప్పెడితే విప్పి చూసుకున్నాను.
ల్యాబు తాళాలు.
పళ్ళు దిగిన గుర్తులు.
ఎప్పణ్ణించి పట్టుకున్నానో.