ఇంకా మూడు మీటర్లు

నల్లగొండ పెద్దాసుపత్రిలో
నా తుంటి ఫిల్మును వెలుగుకు పట్టి
చిన్న డాక్టరమ్మ అడిగింది:
"ఏ ఊరు? ఏ నీళ్లు తాగి పెరిగిన్రు?"

మర్రిగూడ దిక్కు అని చెప్పిన.
ఇంక అడిగేదేం లేదన్నట్టు పెన్ను తీసింది.
ఇంకో నీళ్లు కూడా ఉన్నయ్ డాక్టరమ్మా,
తాగినయి కావు, దిగినయి.

కమ్మరోళ్ల బావిల చుక్క నీళ్లున్న కాలంల
వీపుకు ఎండు సొరకాయ కట్టి
మేనమామ లచ్చుమయ్య నన్ను తోసిండు.
ముక్కు మూసుకోకురా అన్నడు, అంతే, అదే చదువు.

మిగిలింది కొచ్చిలో నేర్పిన్రు:
పైకొచ్చేటప్పుడు ఆగు.
తొమ్మిది మీటర్ల కాడ ఆగు, ఆరు కాడ ఆగు,
మూడు కాడ, వెలుగు చేతికందేటట్టు ఊగుతుంటే,
అక్కడ అన్నిటికన్న ఎక్కువసేపు ఆగు.
ఉరికితే నెత్తురు గోలిసోడా.

తొమ్మిదేండ్లు నేను మునిగిన.
పదమూడేండ్లు మునిగినోళ్లకు కాపలా ఉన్న.

బెహరా ఒక్క ఊపున పైకి తేలిన రాత్రి
ఇనుప గదిలో వానితో నన్నూ పెట్టి తలుపు బిగించిన్రు.
యాభై మీటర్ల లోతు,
ఒక్క నీటిబొట్టు లేకుండా.
గాలి అంబలి లెక్క చిక్కబడ్డది.
ధైర్యానికి ఈల వేద్దామంటే
ఆ లోతుల ఈల పలుకదు.
"అన్నా, నా కాళ్లున్నయా చూడు" అన్నడు.
ఉన్నయిరా అని
బొటనవేలు గిల్లుకుంట కూర్చున్న.
గంట. ఇంకో గంట.
నాలుగో గంట దాటినంక
ఒడియాల బండబూతు తిట్టిండు నన్ను.
అంత మంచి మాట
మళ్ల ఎవ్వరు అనలేదు నన్ను.

ఇంటికొస్తే మా అక్క సాయమ్మ
కొడవలి లెక్క వంగి వాకిలూడుస్తుండె.
ఆమె ఏ లోతుకూ దిగలేదు.
బోరింగు కాడ బిందె పెట్టి నిలబడ్డది, ముప్పై ఏండ్లు.
"సముద్రం నీళ్లు తాగరాదట గద,
మీకు నయమేరా" అన్నది
తల ఎత్తరాక, నా చెప్పుల దిక్కు చూసుకుంట.
ఆమెకు ఏ ఇనుప గదీ లేదు.
నేను బొటనవేలు గిల్లితే
నొప్పి అన్నది గని తిట్టలేదు.

నా బొక్కల తెల్లమచ్చ
ఏ నీళ్లదో
డాక్టరమ్మ చాలాసేపు చూసింది.
రాసింది, కొట్టేసింది, మళ్ల రాసింది.
నేను చదువలేదు.

మాపటీలి బస్సు.
మా ఊరి స్టేజి కాడ ఆపి
కండక్టరమ్మ లొల్లి: "జల్ది దిగు పెద్దాయనా!"
ఆగు బిడ్డా అన్న,
చేతికర్ర కింది మెట్టు మీద ఆనించి,
ఇంకా మూడు మీటర్లుంది.
ఆమెకు సమజ్ కాలేదు.
అయినా
రైట్ రైట్ అననీకె తెరిచిన నోరు
కొంచెంసేపు మూసుకున్నది.