మంగళవారం సూది

పేరు రాయక్కర్లేదన్నాడు
కేప్ కోస్ట్ నుంచి ప్రశ్నాపత్రాలు మోసుకొచ్చిన కుర్రాడు.
చదువు కోసమట. గళ్ళలో టిక్కులు పెడితే చాలట.
రాత్రి డ్యూటీలో, ఫ్యాను తిరగని గదిలో,
మందుల బల్ల మీద కాగితం పరుచుకుని కూర్చున్నాను.

మూడోది: "వద్దు అనే హక్కు రోగికి ఉంది."
పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను,
చెప్పలేను, ఒప్పుకోను.

ఒప్పుకుంటాను.
ఎందుకు ఒప్పుకోను? శిక్షణ రోజున
జొలోఫ్ అన్నం పొట్లంతో పాటు ఆ మాటా పంచిపెట్టారు.
పొట్లం ఇంటికి పట్టుకెళ్ళి పిల్లలకు పెట్టాను.
మాట ఎక్కడ పెట్టానో.

పోయిన మంగళవారం
వార్డులో అరవై మందికి మేం ఇద్దరం.
కొబినా ఎసిల్ఫీ సూది వద్దన్నాడు.
అరవలేదు, పళ్ళెం విసరలేదు.
మంచం పట్టె మీద సర్దుకు కూర్చుని
వల చిక్కు తీసేవాడిలా నిదానంగా చెప్పాడు:
"ఇవాళ మంగళవారం, సిస్టర్.
ఇవాళ సముద్రాన్ని ఎవరూ ముట్టుకోరు.
ఏ పడవా కదలదు, ఏ వలా తడవదు.
నేను పుట్టిందీ ఈ వారమే, నా పేరే చెబుతుంది.
సముద్రానికిచ్చే ఒక్క రోజు సెలవు
నాకూ ఇవ్వండి. రేపు పొద్దున్నే
చెయ్యి నేనే చాపుతాను."

ఫైల్లో రాశాను: భ్రమలు. సహకరించడం లేదు.

తర్వాత ఏముంది, అలవాటైన పనే.
వంటగది నుంచి ఇద్దరు, గేటు దగ్గర నుంచి ఒకడు.
అతని మోకాళ్ళ మీద నా మోకాలు.
పిక్కలో ఒక నరం
గాలానికి తగిలిన చేపలా కొట్టుకుంది.
కాసేపే.

ఒక్క రోజు ఆగితే ఏం మునిగేదని అడుగుతారు.
బుధవారం నాకు సెలవు.
వచ్చే అమ్మాయికి సీసాల లెక్క అప్పజెప్పాలి,
లెక్క తేలకపోతే మేట్రన్ నోటికి అడ్డుండదు.
రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది, కానీ కారణం ఇదే.
ఇంకొకటీ ఉంది. రెండేళ్ళ కింద ఒకడు
ఇంత నెమ్మదిగానూ మాట్లాడి
తెల్లారేసరికి నా దవడ వాచేలా కొట్టాడు.
ఆ పక్క పన్ను ఇప్పటికీ వదులే.
వాడి బాకీ కొబినా దగ్గర వసూలు చేశానేమో.

మత్తులోకి జారుతూ కొబినా
నా గుండెల మీది పేరు బిళ్ళను
అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు.
అ. రా. బా.
"నువ్వూ మంగళవారం పుట్టినదానివే," అన్నాడు.
కోపంగా కూడా కాదు.
మా ఫాంతే వాళ్ళలో ఆ పేరుకు ఇంకో అర్థం లేదు.

పదకొండో ప్రశ్న: "రోగులను గౌరవంగా చూస్తారా?"
ఎల్లప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు.
నా మోకాలు పట్టే గడి ఏదీ కనిపించలేదు.

పన్నెండు దాటింది. మళ్ళీ మంగళవారం.
కింద ఒడ్డున మోటారు చప్పుడు లేదు,
పడవలన్నీ ఇసుకకు పక్క ఆనించి పడుకుని ఉంటాయి.
ట్రేలో కొబినా పేరున్న సీసా.
ఫైలు తీసి, పోయిన వారం నేను రాసిన
భ్రమలు అన్న మాట మీద గీత కొట్టాను.
దిద్దినచోట సంతకం పెట్టాలన్నది రూలు. పెట్టాను.
సూది బుధవారం, అని కింద రాశాను.
మేట్రన్ ఏమంటుందో తెలీదు.
బుధవారం నేను సెలవు మానుకుని వస్తానో లేదో,
అదీ తెలీదు.

మూడో ప్రశ్న దగ్గరికి వెనక్కి వెళ్ళి
టిక్కు కొట్టేసి
"చెప్పలేను" పక్కన పెట్టాను.